దుప్పటి రెండో కొస

ఆ ఆదివారం పొద్దున్న ఫోటోగ్రాఫరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. వారం రోజుల తర్వాత మబ్బు విడిచింది. పదకొండు గంటలకి మేడ మీద ఎండ నిలువుగా పడుతుంది, భార్య వంటింట్లో ఉంటుంది. మామగారి మంచం కింది సొరుగులో ఉన్న దుప్పటి తీసుకుని మేడెక్కాలి. దాని మీద పెద్ద ఫిల్ము పరచాలి, ఫిల్ము మీద అద్దం పెట్టాలి, ఇరవై నిమిషాలు ఎండలో ఉంచి నీళ్ళలో జాడించాలి. సాయంత్రానికి ఆరిపోతుంది. ఆరింటికి మామగారి ఎనభయ్యో పుట్టినరోజుకి నలుగురూ చేరాక హాల్లో గోడకి వేలాడదీసి, తను ఓ పక్కన నిలబడాలి. ఏమీ మాట్లాడకూడదు. భార్య చూస్తుంది. అంతే. ఆ అంతే కోసమే నెల రోజులుగా అతనికి వేరే ధ్యాస లేదు.

అతని స్టూడియో ఇంటి ముందుగదిలోనే ఉంది. "గడ్డం కొంచెం పైకి, భుజం కొంచెం ఇటు, కదలొద్దు" అంటూ ముప్ఫై ఏళ్ళలో ఎవరెవరి అత్తగార్లనో అందంగా తీశాడు. తన అత్తగారిని మాత్రం తీయలేదు. తీయకూడదని కాదు. ఆవిడ ఇంట్లోనే ఉంటుంది కదా, ఎప్పుడైనా తీయొచ్చులే అనుకున్నాడు. ఆవిడ కూడా "నా మొహానికి ఫోటో ఏమిటి బాబూ, ముందు వచ్చినవాళ్ళ సంగతి చూడు" అనేది. నాలుగేళ్ళ కిందట ఆవిడ పోయిన రోజున ఇల్లంతా గాలిస్తే గుంపు ఫోటోల వెనక వరసల్లో ఓ భుజం, ఓ చోట సగం చెవి దొరికాయి. చివరికి గుర్తింపు కార్డు మీది బొమ్మని పెద్దది చేయించాల్సి వచ్చింది. అది తీసినవాడు ఎదురు స్టూడియోవాడు.

ఆ రోజు భార్య ఒకే ఒక్క మాట అంది. "అందరి అత్తగార్లనీ తీశారు." రెండో మాట అనలేదు. ఈ నాలుగేళ్ళలో మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు కూడా. ఎత్తి ఉంటే ఓ పూట దెబ్బలాడుకుని తేలికపడేవాడు. ఆమె లైబ్రరీలో పనిచేస్తుంది, మాట్లాడకుండా ఉండడం ఆమెకి ఉద్యోగరీత్యా అలవాటు. ఆ మౌనం అతని లోపల ఎక్కడో గుచ్చుకుని అలాగే ఉండిపోయింది.

ఇక స్టూడియో సంగతి చెప్పాలంటే, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక అతని దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వచ్చినవాళ్ళకైనా తీరిక లేదు. ఒకావిడ తన కూతురివి మూడు వందల ఫోటోలు తీయించుకుని, ఫోనులో చోటు చాలక అతని ఎదుటే రెండు వందల తొంభై చెరిపేసింది. అదీ బొటనవేలితో, బస్సు కోసం వీధిలోకి చూస్తూ. ఆమెది తప్పని కాదు. తీయడానికి ఎంతసేపు పట్టిందో చెరపడానికీ అంతసేపే పట్టింది, లెక్క సరిపోయింది. అతను మాత్రం ఆ సాయంత్రం కెమెరాకి మూత పెట్టి చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు చేసిన పనిలో తన చెయ్యి తగిలిన వస్తువు ఒక్కటైనా ఉందా అని చూసుకుంటే కనబడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మామగారి ఇనప్పెట్టెలోంచి చుట్టచుట్టిన నీలం కాగితాలు బయటపడ్డాయి. ముదురు నీలం మీద తెల్లటి గీతల్లో వంతెనలు, నీళ్ళ ట్యాంకులు. ఆయన ఇంజనీర్ల ఆఫీసులో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. యాభై ఏళ్ళనాటి ఆ బ్లూప్రింట్లు నిన్న వేసినంత నిగనిగలాడుతున్నాయి.

"ఇవి మిషను మీద వేసినవి కావు అల్లుడూ. కాగితానికి పూత పూసి, పైన నమూనా పెట్టి, ఎండలో పరిచేవాళ్ళం. మిగతాది సూర్యుడు చూసుకునేవాడు. నీళ్ళలో కడిగితే నీలం మిగులుతుంది" అన్నారాయన.

"ఫోటో కూడా వస్తుందా మామగారూ?"

"ఎండకి వంతెనేదో మనిషేదో తెలుస్తుందా? ఎక్కడ నీడ పడితే అక్కడ తెలుపు, అంతే."

అలా మొదలైంది. మందుల షాపులో దొరకని రెండు రకాల ఇనుప లవణాలు ఎక్కడెక్కడి నుంచో తెప్పించాడు. కాగితాలయ్యాక గుడ్డ మీద పడ్డాడు. మొదటి నెలలోనే పెద్ద బాత్రూం గచ్చు, రెండు కొత్త తువ్వాళ్ళు, ఒక పిండి గిన్నె నీలంగా మారాయి. "ఈ ఇంట్లో ఇంకొక్క నీలం చుక్క కనబడితే నేను మనిషిని కాను" అని భార్య తీర్పు చెప్పింది. దాంతో పని మానేశారనుకుంటే పొరపాటు. మామగారి గదికి మార్చారు. ఆ గదికి మందపాటి కర్టెన్లు, విడిగా బాత్రూం ఉన్నాయి. ఆమె లైబ్రరీకి వెళ్ళగానే మామా అల్లుళ్ళు కలిసి పూత పూసేవారు, మేడ మీద ఎండలో పెట్టేవారు, జాడించేవారు. ఆమె వచ్చేసరికి ఒకరు పేపరు, ఒకరు టీవీ చూస్తూ ఉండేవారు.

అలా ఉండగా పాత నెగెటివ్‌ల డబ్బాలో అతనికి ఒక వృథా ఫ్రేము దొరికింది. ఎన్నడో మేడ మీద ఎవరినో తీసే ముందు వెలుతురు సరిపోతుందో లేదో చూద్దామని నొక్కిన ఫ్రేము. అందులో అత్తగారు తడి దుప్పటి ఒక కొస పట్టుకుని తీగ మీద ఆరేస్తూ, పక్కకి తిరిగి ఎవరినో చూసి పకపకా నవ్వుతోంది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ ఒక్కతే ఉన్న బొమ్మ అదొక్కటే, అదీ పొరపాటున పడింది. అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాన్ని పెద్ద ఫిల్ము మీద నాలుగు ముక్కలుగా అచ్చు వేయించి జాగ్రత్తగా అంటించుకున్నాడు. ఆ బొమ్మ ఎవరిదో మామగారికి కూడా చెప్పలేదు. నిన్న సాయంత్రం ఇద్దరూ కలిసి తెల్ల దుప్పటికి పూత పూసి, ఆరినంత ఆరనిచ్చి, నల్ల ప్లాస్టిక్ సంచీలో చుట్టి సొరుగులో దాచారు.

ఇక్కడి దాకా పథకం పథకంలాగే నడిచింది. పొద్దున్న తొమ్మిదింటికి, సాయంత్రం నలుగురూ వస్తారని భార్య ఇల్లు సర్దడం మొదలుపెట్టింది.

తండ్రి మేడ మీద నడకకి వెళ్ళిన సమయం చూసి ఆమె ఆయన గది ఊడుస్తోంది. సొరుగులోంచి నల్ల ప్లాస్టిక్ అంచు బయటికి కనబడింది. లాగి చూసింది. లోపల మడతలు పెట్టిన తెల్ల దుప్పటి. ఇంకా చెమ్మగా ఉంది. మధ్యలో పెద్దగా, ఆకుపచ్చ కలిసిన పసుపు మరక. ఏదో వాసన కూడా వేస్తోంది.

ఆమె చీపురు పక్కన పెట్టి మంచం అంచు మీద కూర్చుండిపోయింది. తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకునే మనిషి. కాఫీ గ్లాసు కూడా ఇంకొకరిని కడగనివ్వని మనిషి. అలాంటివాడు పక్క తడుపుకుని, ఎవరికీ చెప్పుకోలేక, దుప్పటి మంచం కింద దాచుకున్నాడు! తల్లి ఉంటే ఈ అవస్థ ఉండేదా అనిపించింది. ఆ తర్వాత, ఒకే ఇంట్లో ఉంటూ తనకెందుకు తెలియలేదా అని తన మీద తనకే కోపం వచ్చింది. కళ్ళు తుడుచుకుని, దుప్పటి ఎలా ఉన్నది అలాగే చుట్టి, సొరుగు మూసేసి, కాఫీ పట్టుకుని మేడెక్కింది.

"నాన్నా, నీ మంచం కింద సొరుగు చూశాను" అంది మెల్లిగా.

ముసలాయన నడక ఆపేశాడు. అల్లుడికిచ్చిన మాట గుర్తొచ్చింది. "చూశావా?" అన్నాడు దొంగలా.

"చూశాను. నాకేం కోపం లేదు."

"కోపం లేదా!" ఆయన నమ్మలేకపోయాడు. "నువ్వు గొడవ చేస్తావనే కదమ్మా దాచింది."

"నేనెందుకు గొడవ చేస్తాను నాన్నా? ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"మూడు నెలలవుతోంది."

"మూడు నెలలా! ఎవరికీ తెలియకుండానే?"

"మీ ఆయనకి తెలుసు. అతను లేకపోతే నా ఒక్కడి వల్ల అవుతుందా? ఆ తడి బరువు నేను పిండగలనా? అన్నీ అతనే పిండి ఆరేస్తాడు. నేను నీళ్ళు పోస్తానంతే."

ఆమె పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆయన మాత్రం గుట్టు రట్టయినా గొడవ కాలేదన్న ఆనందంలో కాఫీ తాగుతూ కొనసాగించాడు. "నిజం చెప్పాలంటే హాయిగా ఉందమ్మా. ఈ వయసులో మళ్ళీ మొదలుపెడతానని అనుకోలేదు. ఆఫీసులో ఉన్నప్పుడైతే రోజుకి పది, పన్నెండు అయ్యేవి."

"ఆఫీసులోనా?"

"అందరం చేసేవాళ్ళం. మేడ మీద వరసగా ఆరేసేవాళ్ళం. పెద్ద ఇంజనీరు వచ్చి ఒక్కొక్కటీ చూసి, బాగా వచ్చినవాటి మీద సంతకం పెట్టేవాడు."

ఆమె మేడ మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. పక్క తడపడమే అనుకుంది, మతి కూడా తప్పిందన్నమాట. ఫోను తీసి, లైబ్రరీ గొంతుతో తమ్ముడికి ఫోను చేసింది.

ఈ తమ్ముణ్ణి ఇంట్లో అందరూ తొందరయ్య అంటారు. ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ఎక్కడ ఏమైనా జరిగితే ముందు పరుగెత్తి, ఏం జరిగిందో తర్వాత కనుక్కోవడం అతని పద్ధతి. "అక్కా, నువ్వు కంగారుపడకు, నేను వచ్చేస్తున్నా" అంటున్నప్పుడే ఫోనులోంచి అతని బండి చప్పుడు వినబడింది.

ఆమె కంగారుపడలేదు. తిన్నగా స్టూడియోలోకి వెళ్ళింది. భర్త ఫిల్ము చుట్టని గుడ్డతో తుడుస్తున్నవాడల్లా ఉలిక్కిపడి దాన్ని వెనక్కి దాచాడు.

"నాన్న అంతా చెప్పేశారు" అందామె.

అతను ఫిల్ము చుట్టని బల్ల కిందికి తోశాడు. "నీకు బాధ కలుగుతుందనే చెప్పలేదు..."

"వారానికి ఎన్నిసార్లు?"

"ఎండ బాగుంటే మూడు, నాలుగు. మబ్బు పట్టిందంటే ఒక్కటీ లేదు."

మబ్బుకీ దీనికీ సంబంధమేమిటో ఆమెకి అంతుపట్టలేదు. అది డాక్టరు చూసుకుంటాడని వదిలేసింది. "అన్నీ మీరే ఉతికారా?"

"ఉతకడమంటే... జాడించడమే. సబ్బు తగలకూడదు."

ఆమె దగ్గరికొచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. గోళ్ళ సందుల్లో లీలగా నీలం కనబడింది గానీ ఆమె చూస్తున్నది అది కాదు. "నాన్నకి కొడుకున్నాడు, కూతుర్ని నేనున్నాను. మా ఇద్దరికీ తెలియకుండా మీరు... నేను మిమ్మల్ని ఎంత తప్పుగా అనుకున్నానండీ" అని బావురుమంది. భార్య తన చేతులు పట్టుకుని ఏడ్చి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తులేదు. ఒక గచ్చు, రెండు తువ్వాళ్ళు, ఒక పిండి గిన్నె పాడుచేసినందుకు ఇంత కృతజ్ఞత ఏమిటో అతనికి బొత్తిగా అర్థం కాలేదు. అర్థం కాకపోయినా బాగుంది కాబట్టి తిరిగి ప్రశ్న వేయలేదు. అక్కడ ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది.

పదిన్నరకి తొందరయ్య దిగాడు. ఒక చంకలో చుట్టచుట్టిన రబ్బరు షీటు, రెండో చేత్తో తన స్నేహితుడైన డాక్టరు భుజం. డాక్టరుకి ఆదివారం పూట ఏం చెప్పి లాక్కొచ్చాడో గానీ ఆయన ఇంకా చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. ముసలాయన్ని మేడ మీద నుంచి ఇద్దరూ రెండు రెక్కలూ పట్టుకుని దింపారు.

"ఒరేయ్, నాకు కాళ్ళున్నాయి" అన్నాడాయన.

"ఉంటాయి నాన్నా, ఉంటాయి. మేమంతా లేమూ" అన్నాడు తొందరయ్య గద్గదంగా.

ఆయన్ని మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరు నాడి చూశాడు, నాలుక చూశాడు, ఇవాళ ఏ వారమని అడిగాడు. "ఆదివారం. ఆదివారం కాకపోతే నువ్వు ఆస్పత్రిలో ఉండేవాడివి" అన్నాడాయన. డాక్టరు తల పంకించి, "మతి నిలకడగానే ఉన్నట్టుంది, పైకి" అన్నాడు. ఆ "పైకి" విని అక్కా తమ్ముళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఇంతమంది ఒక్కసారిగా ప్రేమగా చూడడంతో ముసలాయనకి అనుమానం వచ్చింది. తనకేదో పెద్ద జబ్బుందని, అది తనకొక్కడికే చెప్పలేదని తేల్చుకుని, కళ్ళు మూసుకున్నాడు.

ఫోటోగ్రాఫరు గుమ్మంలో నిలబడి గడియారం చూస్తున్నాడు. పదకొండు దాటుతోంది. కిటికీలోంచి చూస్తే పడమటి వైపు మళ్ళీ మబ్బు కమ్ముకొస్తోంది. గంటలో ఎండ పోతుంది. పూత పూసిన గుడ్డ రేపటికి పాతబడిపోతుంది. సొరుగేమో డాక్టరు కాళ్ళ దగ్గరుంది.

"ఏమిటీ చీకటి? గాలీ వెలుతురూ రావాలి" అని డాక్టరు కర్టెన్లు బర్రున లాగేశాడు. అదే క్షణంలో తొందరయ్య వంగి సొరుగు తెరిచాడు. "అక్కా, ఇదేనా?"

"వెలుతురులో తీయకు!" ఫోటోగ్రాఫరు పెట్టిన కేకకి డాక్టరు మెడలోని గొట్టం జారి కింద పడింది.

తొందరయ్య సంచీని గుండెలకి హత్తుకుని బావగారి వంక చూశాడు. కళ్ళలో నీళ్ళు. "బావా! ఇంకా ఆయన పరువు కాపాడాలనే చూస్తున్నావా? కన్నకొడుకుని నేనుండగా మూడు నెలలు నువ్వొక్కడివే మోశావు. చాలు బావా, ఈ ఒక్కటీ నేను ఉతుకుతాను!"

"వద్దు!"

వద్దన్నకొద్దీ తొందరయ్యకి పశ్చాత్తాపం పొంగింది. సంచీతో సహా మెట్లెక్కి పరుగు. ఫోటోగ్రాఫరు ఫిల్ము చుట్ట పట్టుకుని వెనక పరుగు. అతన్ని ఎవరైనా పట్టుకోవాలేమోనని డాక్టరు, ఇద్దరూ జారిపడతారేమోనని భార్య వెనకాల. మెట్లగదిలో ఫోటోగ్రాఫరు పాత తలుపు చెక్కొకటి, దాని మీద వేయడానికి పెద్ద అద్దమొకటి గోడకి ఆనించి పెట్టుకున్నాడు. సేఫ్టీ ఆఫీసరు మోకాలు తగిలి అద్దం ఫెళ్ళున పగిలింది. అతను ఆగలేదు. మేడ మీద కుళాయి తిప్పి, తొట్టి నిండుతుండగా సంచీ విప్పి దుప్పటి బయటికి లాగాడు. మడతల పైపొర ఎండ తగిలి చూస్తుండగానే మసిబారడం మొదలైంది.

ఫోటోగ్రాఫరు ఇక ఆలోచించలేదు. బావమరిది చేతుల్లోంచి దుప్పటి లాక్కుని, కింద పడేసి, దాని మీద బోర్లా పడుకున్నాడు.

"అయ్యో, ఈయనకి కూడానా!" అన్నాడు డాక్టరు.

"ఎవరూ కదలకండి!"

మెట్లగది గుమ్మంలో ముసలాయన నిలబడి ఉన్నాడు. జబ్బు సంగతి ఆయన అప్పటికే మర్చిపోయాడు. ఎండలో పూత గుడ్డ పాడవుతుంటే కళ్ళు మూసుకుని పడుకునే డ్రాఫ్ట్స్‌మన్ ఉండడు. "తొందరయ్యా, కుళాయి కట్టెయ్. అల్లుడూ, దాన్ని పొట్ట కిందే ఉంచుకుని నీడలోకి దొర్లు. అమ్మాయీ, తలుపు చెక్క పడుకోబెట్టు. డాక్టరూ, చూస్తూ నిలబడతావేం, ఆ కొస పట్టు!"

ఆ గొంతులో నలభై ఏళ్ళ ఆఫీసుంది. ఎవరూ ఎందుకని అడగలేదు. మెట్లగది నీడలో చెక్క మీద దుప్పటి పరిచారు. దాని మీద ఫోటోగ్రాఫరు ఫిల్ము పరిచాడు. అందులో తెల్లగా ఉండాల్సినవన్నీ నల్లగా, నల్లగా ఉండాల్సినవన్నీ తెల్లగా ఉన్నాయి కాబట్టి, ఎవరిదో మసక ఆకారం అన్నంత వరకే మిగతావాళ్ళకి కనబడింది. అయిదుగురూ కలిసి చెక్కని ఎండలోకి మోసుకొచ్చారు. ఇటు గాలి మొదలైంది. అద్దం లేదు. ఫిల్ము అంచు టపటపా లేస్తోంది.

"చేతులు! అంచుల మీద అందరూ అరచేతులు అదిమిపట్టండి. ఇరవై నిమిషాలు. కదలొద్దు!" అన్నాడు ఫోటోగ్రాఫరు. ముప్ఫై ఏళ్ళుగా అంటున్న మాటే. ఇంత ప్రాణం పెట్టి ఎన్నడూ అనలేదు.

అయిదుగురూ చెక్క చుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ కుటుంబం ఒకచోట ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవడం నాలుగేళ్ళలో అదే మొదటిసారి. చేతుల మధ్య పసుపు మెల్లిమెల్లిగా ఆకుపచ్చగా, ఆకుపచ్చ నీలం కలిసిన బూడిదగా మారుతోంది. ఒంగిన నడుములు నొప్పి పెడుతున్నాయి. అయినా పని జరుగుతున్నట్టు కళ్ళెదుట కనబడుతుంటే అదో రకం శాంతిగా ఉంది. చేతులు ఖాళీ లేకపోయినా డాక్టరుకి నోరు ఖాళీగా ఉంది.

"పెద్దాయనా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?"

"ఒక్కసారి. మంచినీళ్ళకి."

"మరి పక్క తడవడం ఎప్పటి నుంచి?"

"ఎవరి పక్క?"

డాక్టరు తొందరయ్య వంక చూశాడు. తొందరయ్య అక్క వంక చూశాడు. అక్క దుప్పటి వంక చూసింది. కళ్ళ ముందు రంగు మారుతున్న ఆ మరకని, గచ్చు మీదా తువ్వాళ్ళ మీదా తనకి బాగా పరిచయమైన ఆ నీలాన్ని చూసింది. "నాన్నా... ఆఫీసులో రోజుకి పది, పన్నెండు అన్నది..."

"బ్లూప్రింట్లు. ఇంకేమనుకున్నావు?"

ఆమె ఏమనుకుందో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ముసలాయనకి అన్నీ ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి: కూతురు తెచ్చిన కాఫీ, కొడుకు గద్గదం, వారం అడిగిన డాక్టరు, గుమ్మం దగ్గరున్న రబ్బరు షీటు. "అంటే పెద్ద ఇంజనీరు వచ్చి సంతకం పెట్టేది..." అని ఆగిపోయాడు. మొహం ఎర్రబడింది. కోపమొస్తుందేమోనని అందరూ భయపడ్డారు. ముందు ఆయన భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికొచ్చింది. అది చూసి తొందరయ్య పగలబడ్డాడు.

"నవ్వకురా! చేతులు కదులుతున్నాయి!" అన్నాడు ఫోటోగ్రాఫరు.

భార్య ఒక్కతే నవ్వలేదు. భర్త వంక తిరిగి, "అయితే మీరు మా నాన్న పక్కబట్టలు ఉతకలేదా?" అంది.

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"అవసరం రాలేదు" అన్నాడతను. ఫిల్ము అంచు ఇంకొంచెం అదిమి, "వస్తే ఉతుకుతాను" అన్నాడు.

"పొద్దున్న మీ చేతులు పట్టుకుని ఏడ్చిన ఏడుపంతా దండగేనన్నమాట" అంది. రెండు గంటల సేపు దేవుడిగా ఉన్నవాడు మళ్ళీ గచ్చు పాడుచేసినవాడయ్యాడు. అతనికి అది పెద్ద నష్టంగా తోచలేదు. అతని కళ్ళు ఫిల్ము మీదే ఉన్నాయి. ఎండ సరిపోయిందో లేదో, నవ్వుల్లో బొమ్మ చెదిరిందో లేదో. ఇది పోతే మళ్ళీ చేయొచ్చు. కానీ ఇవాళ్టిది ఇవాళే చూపించాలని అతని మనసు పట్టుబట్టింది. మొదటి మబ్బు తునక సూర్యుణ్ణి తాకే వేళకి లెక్క పూర్తయింది.

"చాలు, ఎత్తండి" అన్నాడు.

దుప్పటి తొట్టిలో ముంచారు. మామగారు ఎప్పటిలాగే చెంబుతో నీళ్ళు పోశారు. మొదట పసుపు నీళ్ళు పారాయి. తర్వాత లేత నీలం. జాడించి, తలా ఒక అంచు పట్టుకుని పైకెత్తారు. తెలుపు తేలడం మొదలైంది. ముందు తీగ, తీగ మీద తడి గుడ్డ, గుడ్డని పట్టుకున్న గాజుల చెయ్యి, చివరికి పక్కకి తిరిగి పకపకా నవ్వుతున్న మొహం.

భార్య దుప్పటి అంచు వదలకుండా అలాగే నిలబడింది. నాలుగేళ్ళుగా ఆమె గుర్తు తెచ్చుకోబోతే కార్డు మీది బిగుసుకున్న మొహమే అడ్డొచ్చేది. అమ్మ ఇలా నవ్వేదన్న సంగతే ఆమె మర్చిపోయింది. "అమ్మ" అంది, ఎవరితోనూ కాదు. తర్వాత భర్త వైపు చూసింది. ఏడుపు ఈసారి దండగ కాలేదు.

ఫిల్ము చుట్టూ అంచుల్లో, నీలం మీద తెల్లగా, పది అరచేతులు పడ్డాయి. డాక్టరు చేతికి గడియారం కూడా ఉంది. నవ్వినందుకు తొందరయ్య కుడిచేతికి ఎనిమిది వేళ్ళు వచ్చాయి. అన్నిటికంటే కుడివైపున, అత్తగారు పట్టుకున్న దుప్పటి ఫ్రేము అంచులో తెగిపోయిన చోటికి జానెడు కిందుగా, కణుపులు తేలిన ఒక పెద్ద చెయ్యి ఉంది.

ముసలాయన దాన్ని చాలాసేపు చూశాడు. "ఆ రోజు నాకు గుర్తుంది" అన్నాడు మెల్లిగా. "దుప్పటి ఈ కొస ఆవిడ పట్టుకుంది. రెండో కొస నేను పట్టుకున్నాను. తిరగేసి పట్టుకున్నానని నవ్వుతోంది. నువ్వు నన్ను బయటికి కోసేశావు అల్లుడూ."

"వెలుతురు చూద్దామని తీసింది మామగారూ. అప్పుడు నేనెవరినీ చూడలేదు" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"పోనీలే" అన్నాడాయన, తన తెల్లటి చేతి ముద్ర మీద తడి చెయ్యి ఆనించి. "వచ్చేశానుగా."

సాయంత్రం ఆరింటికి వచ్చినవాళ్ళందరూ హాల్లో ఆ దుప్పటి ముందే నిలబడిపోయారు. కార్డు మీది ఫోటోని భార్య ఎవరూ చెప్పకుండానే గోడ మీంచి దించి సొరుగులో పెట్టింది. తొందరయ్య తన ఎనిమిది వేళ్ళని వచ్చినవాళ్ళందరికీ విడిగా చూపించాడు.

రబ్బరు షీటు కూడా వృథా కాలేదు. మర్నాడు లైబ్రరీకి వెళ్ళే ముందు ఆమె దాన్ని పెద్ద బాత్రూం గచ్చు మీద స్వయంగా పరిచి, తువ్వాళ్ళు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళ్ళింది.